చాక్లెట్ తింటే యేసయ్య ఏడుస్తాడా?

ప్రశ్న: అక్కయ్యా, మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. ఉద్యోగాల వల్ల ఎనిమిదేళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నాం. కథోలికులం. బాబుకు ఆరేళ్లు, పాపకు నాలుగు. మామయ్య గారు రెండేళ్ల క్రితం పోయారు, అప్పటినుంచి అత్తమ్మ మా దగ్గరే ఉంటున్నారు. ఆమెకు 63. ఈస్టర్‌కు ముందు తపస్సు కాలం వస్తోందంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. నలభై రోజులూ అత్తమ్మ ఇంట్లో నీచు ముట్టనివ్వరు, పిల్లలకు గుడ్డు కూడా పెట్టొద్దంటారు, టీవీ వద్దంటారు. కిందటేడు బాబు చేత చాక్లెట్లు మాన్పించాం. స్కూల్లో ఎవరిదో పుట్టినరోజని ఇస్తే తినేసి, తినలేదని అబద్ధం చెప్పాడు. రేపర్ జేబులో దొరికింది. "ఇలా చేస్తే యేసయ్య ఏడుస్తాడు" అన్నారు అత్తమ్మ. వాడు రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదు. గుడ్ ఫ్రైడే నాడు చర్చి ఆవరణలో వేసిన శ్రమల నాటకంలో కొరడా దెబ్బలు చూసి పాప గుక్కపట్టి ఏడిస్తే మధ్యలోనే లేచి వచ్చేశాం. మా ఆయనేమో "చిన్నపిల్లలు, ఇవన్నీ ఇప్పుడెందుకు" అంటారు. ఈస్టర్ అంటే ఏమిటని టీచర్ అడిగితే మావాడు "బిర్యానీ" అన్నాడట. అది విన్నాక ఎక్కడో తప్పు చేస్తున్నానని బాధేసింది. ఈసారి ఏం చేయమంటారు? మీరు అమ్మలాంటివారు, నువ్వు అనే రాయండి.
ఒక తల్లి, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, ముందు ఆ రేపర్ సంగతి తేల్చేద్దాం. మీవాడికి ఆరేళ్లు. బిడ్డకు ఏడేళ్లు నిండితేనే మంచిచెడుల వివేకం వచ్చినట్టు శ్రీసభ, అంటే మన కథోలిక సంఘం, చట్టం లెక్కిస్తుంది. అంటే కిందటేడు ఐదేళ్లవాడు మింగిన ఆ చాక్లెట్ ఫాదర్ దగ్గర ఒప్పుకునే ఏ పాపసంకీర్తనానికీ వెళ్లాల్సిన పని లేదు. వాడు అబద్ధం ఎందుకు చెప్పాడో ఆలోచించు. చాక్లెట్ మీద ఆశతో కాదు, మీ ముగ్గురి ముఖాలు గుర్తొచ్చి చెప్పాడు. ఇవాళే వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, "అప్పుడు నువ్వు తిన్నందుకు యేసయ్య ఏడవలేదు నాన్నా, మేమే నీకు పెద్ద పని పెట్టాం" అని చెప్పు. ఏడాది కిందటి మాట వాడికి ఇంకా గుర్తుంటుందా అని అనుకోకు. ఉంటుంది. నేను చాలా ఏళ్లు ఆదివారం పిల్లలకు సత్యోపదేశం చెప్పాను. పాఠాలు మరిచిపోయిన పిల్లలు కూడా భయపెట్టిన మాట ఒక్కటీ మరిచిపోలేదు.

ఇక తిండి. నిజంగా నియమం ఏమిటో చాలా ఇళ్లలో తెలియదు, అందుకే గొడవలు. మాంసం మానడమనే నియమం 14 ఏళ్లు నిండినవాళ్లకు. ఒక్కపొద్దు నియమం 18 నిండినప్పటి నుంచి 59 నిండేదాకా, అదీ ఏడాదికి రెండే రెండు రోజులు, తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే. ఆ రోజు ఒక పూట నిండుగా తిని, మిగతా రెండు పూటలు కొంచెం కొంచెం తీసుకోవచ్చు. జబ్బుతో ఉన్నవాళ్లకు, కడుపుతో ఉన్నవాళ్లకు, పాలిచ్చే తల్లులకు మినహాయింపు. గుడ్డు, పాలు, చేపలు శుక్రవారం కూడా తినొచ్చు. (చేపల మాటకొస్తే, మా ఊళ్లో ఒకాయన తపస్సు కాలం శుక్రవారాలు కొర్రమీను పులుసు వండించుకునేవాడు. నియమం ఎక్కడా తప్పేవాడు కాదు, కోడికూర కంటే రెండింతలు ఖర్చయ్యేది.) కాబట్టి మీ పిల్లలిద్దరికీ ఏ నియమమూ వర్తించదు. పెరిగే పిల్లలు, గుడ్డు పెట్టు.

ఈ లెక్క ప్రకారం మీ ఇంట్లో ఒక్కపొద్దు లేనిది పిల్లలకే కాదు, 63 ఏళ్ల మీ అత్తగారికి కూడా. అయితే ఈ మాట ఆమె దగ్గర అనకు. నలభై రోజుల నీచు లేని వంట ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న అలవాటు. పైగా భర్త పోయిన మనిషి, ఊరు వదిలి వచ్చిన మనిషి. ఆ అలవాటు తీసేస్తే ఆమెకు ఇక్కడ తనదంటూ ఏం మిగులుతుంది? ఆమె నియమం ఆమెను చేసుకోనీ, పెద్దవాళ్లు మీరిద్దరూ కలిస్తే ఇంకా మంచిది. పిల్లల పళ్లెం మాత్రం నీది. ఆ మాట నువ్వు కాదు, మీ ఆయన చెప్పాలి, పిల్లలు లేనప్పుడు. కొడుకు చెబితే ఒక రకంగా వింటారు, కోడలు చెబితే ఇంకో రకంగా వింటారు. ఇది నేను నీకు చెప్పాలా?

మీ ఆయన మాటలో సగం నిజముంది. నియమాలు ఇప్పుడు వద్దు. కానీ వయసు రాని పిల్లలకు కూడా తపస్సు అంటే ఏమిటో నేర్పే బాధ్యత తల్లిదండ్రులదీ గురువులదీ అని శ్రీసభ చట్టం ఆ వయసులు చెప్పిన చోటే చెబుతోంది. నేర్పడం ఎలా? ఆరేళ్లవాడికీ నాలుగేళ్లదానికీ చేతికి పని ఇవ్వాలి. నోరు కట్టేసుకోవడం వాళ్లకు అర్థం కాదు, చేతులతో చేసింది అర్థమవుతుంది. నేను చెప్పేదంతా దీని చుట్టూనే.

మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి పక్కన కుండలో వేసేది. తపస్సు కాలం అయ్యాక ఆ కుండ మా వీధి చివర ఒంటరి ముసలామె ఇంటికి వెళ్లేది. మా మనవరాలికి నాలుగేళ్లప్పుడు ఈ పని దానికి అప్పగించాను. పీట వేసుకుని ఎక్కి, బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి ముంచేది. పిడికిలి బిగించి తీసేది, సీసా దగ్గరికి వచ్చేలోపు వేళ్ల సందుల్లోంచి సగం నేల మీద. మళ్లీ కూర్చుని ఒక్కొక్క గింజా ఏరేది. వంట పావుగంట ఆలస్యమయ్యేది, ఏం చేస్తాం. నలభై ఆరు రోజులకు ఆ సీసాలో రెండు కిలోలు కూడా చేరలేదు. కానీ ఆ రెండు కిలోలు ఎవరికి వెళ్లాలన్నది అదే తేల్చింది. మా అపార్ట్‌మెంట్ ఊడ్చే ఆమెకు.

నలభై ఆరు అన్నానని ఆశ్చర్యపోకు. విభూది బుధవారం నుంచి పవిత్ర శనివారం దాకా లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. అందులో ఆరు ఆదివారాలు తీసేస్తే 40. ఆదివారం ఎప్పుడూ ప్రభువు లేచిన రోజే కనుక అది ఉపవాసం లెక్కలోకి రాదు. ఈ తీసివేత మీవాడి చేతనే కేలండర్ మీద చేయించు. వాడు ఈసారి కూడా తనంతట తాను ఏదైనా మానతానంటే మాననీ, ఆదివారం మాత్రం ఇచ్చెయ్. వారానికి ఆరు రోజులు ఓపిక పట్టగలిగిన పిల్లవాడు అబద్ధం ఆడాల్సిన అవసరం ఉండదు. మానినదాని డబ్బులు ఒక డబ్బాలో వేయించు. కథోలిక సేవాసంస్థ కారితాస్ ఇండియా కోసం తపస్సు కాలంలో చాలా విచారణల్లో, అంటే చర్చిల్లో, చందా పోగుచేస్తారు, మీ ఫాదర్ గారిని అడుగు. లేదంటే బియ్యంతో పాటే ఇచ్చెయ్.

ఈ ఏడాది, అంటే 2026లో, విభూది బుధవారం ఫిబ్రవరి 18న. దానికి ముందు రెండు పనులున్నాయి. కిందటేడు ఈస్టర్‌కు ముందు వచ్చిన మట్టల ఆదివారం నాడు తెచ్చిన ఆకు మీ ఇంట్లో యేసు పటం వెనకో మరియమాత పటం వెనకో ఎండిపోయి ఉంటుంది. దాన్ని పిల్లల చేత చర్చికి ఇప్పించు. అవే కాల్చి విభూది చేస్తారు. ఊపుకుంటూ తెచ్చుకున్న ఆకే నుదుటి మీదికి వస్తుందని తెలిస్తే పిల్లలు అద్దం ముందు నుంచి కదలరు. రెండోది, అల్లెలూయ. తపస్సు కాలమంతా పూజలో అల్లెలూయ పాడరు. పెద్ద పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద అల్లెలూయ అని మీవాడి చేత రాయించు, పాప చేత రంగులు వేయించు, మడిచి ఒక డబ్బాలో పెట్టి అటక మీద దాచండి. మధ్యలో పాప ఇంట్లో ఆ పాట అందుకుంటే, "అది అటక మీద ఉంది కదా" అని వాడే నోరు మూయిస్తాడు, చూడు.

మధ్యలో ఇంకో ముచ్చట. ఉగాది ఈసారి మార్చి 19న వచ్చింది. అదే రోజు పునీత జోజప్ప గారి పండుగ కూడా. తపస్సు కాలంలో వచ్చినా అది మహోత్సవమే, ఊదా వస్త్రాలు పక్కన పెట్టి ఫాదర్ గారు తెల్లనివి వేసుకుంటారు. కాబట్టి ఉగాది పచ్చడి చేసుకోవచ్చా అని మథనపడకు. వేపపువ్వు రాల్చి తెచ్చే పని కూడా పిల్లలకే ఇవ్వు, జోజప్ప వడ్రంగి అని, యేసయ్యకు పని నేర్పిన నాన్న అని ఆ పూట చెప్పు. రంజాన్ ఉపవాసాలు కూడా విభూది బుధవారం వచ్చే వారంలోనే మొదలవుతాయి. మీది హైదరాబాద్, సాయంత్రమైతే వీధి మలుపులో హలీం డేగిసాలు కనిపిస్తాయి. పక్కింటివాళ్లు శుక్రవారం ఇఫ్తార్‌కు పిలిస్తే వెళ్లండి. ఖర్జూరం, పండ్లు తిని, "మాకు ఇవాళ మాంసం లేదండీ" అని చెప్పండి. రోజంతా మంచినీళ్లు కూడా తాగనివాళ్లకు ఉపవాసం సంగతి విడమరచి చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు పాప భయం. ఆ పిల్ల ఏడవడం సరైనదే అని నాకనిపిస్తుంది. అంత చిన్నపిల్లకు నాటకం నాటకంలా కనపడదు. తనకు తెలిసిన అంకుల్‌ను ఇంకో అంకుల్ కొరడాతో కొడుతుంటే చుట్టూ అంతమంది పెద్దవాళ్లు చూస్తూ కూర్చున్నారు, ఒక్కరూ ఆపలేదు. ఏడవకేం చేస్తుంది? ఈ సంవత్సరం, వచ్చే సంవత్సరం నాటకం దగ్గరికి తీసుకెళ్లకు. ఫోన్లో సినిమా ముక్కలు కూడా చూపించకు.

బదులుగా వారం మధ్యలో ఒక సాయంత్రం, ఎవరూ లేనప్పుడు, చర్చికి తీసుకెళ్లు. గోడల మీద సిలువ మార్గం పటాలు పద్నాలుగు ఉంటాయి కదా. అన్నీ వద్దు. నాలుగు, ఐదు, ఆరు. నాలుగో దాంట్లో అమ్మ ఎదురొస్తుంది. ఐదో దాంట్లో సిరేనియా సీమోను సిలువకు భుజం పడతాడు. ఆరో దాంట్లో వెరోనికమ్మ ముఖం తుడుస్తుంది. యేసయ్యను కొట్టినవాళ్లను కాకుండా సాయం చేసినవాళ్లను చూపించు. మా క్లాసులో ఒక పిల్ల వెరోనికమ్మ పటం ముందు నిలబడి, "టీచర్, ఆమె టవల్ తడిపి తెచ్చిందా, పొడిదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తరువాతి శుక్రవారం ఆ పిల్ల ఒక చిన్న నాప్కిన్ తడిపి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చింది. పటానికి చెయ్యి అందక గోడకు తుడిచి వెళ్లింది. పద్నాలుగు స్థలాలూ గుక్క తిప్పుకోకుండా చదివే పెద్దవాళ్లను చాలామందిని చూశాను, ఆ తడి గుడ్డ దాకా వెళ్లిన మనిషిని మాత్రం ఇంకొకరిని చూడలేదు.

పవిత్ర వారం మార్చి 29న మట్టల ఆదివారంతో మొదలు. ఆ ఆకుతో చిన్న సిలువలు అల్లడం అత్తమ్మకు వచ్చే ఉంటుంది, పిల్లలను ఆమె దగ్గర కూర్చోబెట్టు. పనిలో పనిగా ఊళ్లో ఈ రోజులు ఎలా గడిచేవో ఆమెను అడగమను. గురువారం రాత్రి నుంచి గంటలు మోగవు కాబట్టి చెక్క గిలక తిప్పుతూ వీధుల్లో తిరగడం, శుక్రవారం గుడి దగ్గర గంజి, ఇవన్నీ ఆ తరంవాళ్ల దగ్గర ఉన్న కథలు. "యేసయ్య ఏడుస్తాడు" అన్న నాయనమ్మ నోటి నుంచే ఇవి కూడా రావాలి.

పవిత్ర గురువారం, ఏప్రిల్ 2, మీ ఆయనకు వదిలెయ్. సాయంత్రం చర్చిలో ఫాదర్ గారు పాదాలు కడగడం పిల్లలు చూసి వస్తారు. ఇంటికొచ్చాక ఒక టబ్బు, గోరువెచ్చని నీళ్లు, తువ్వాలు. నాన్న పిల్లల పాదాలు కడగాలి, పిల్లలు నాయనమ్మ పాదాలు కడగాలి. ప్రసంగం ఏమీ వద్దు. మా మనవడు మొదటిసారి నా కాళ్లు కడిగినప్పుడు మడమల పగుళ్లు చూసి, "అమ్మమ్మా, ఇక్కడ విరిగిపోయిందా?" అన్నాడు. లేచి వెళ్లి సబ్బు తెచ్చి నురగ వచ్చేదాకా రుద్దాడు. హాలంతా నీళ్లు. చక్కిలిగింతలు ఒకపక్క, ఏడుపు ఒకపక్క నాకు. మీ అత్తగారికి పిల్లల గుడ్డు గురించి నీతో ఏ పేచీ మిగిలి ఉన్నా ఆ టబ్బులో కొంత పోతుంది.

గుడ్ ఫ్రైడే నాడు ప్రపంచంలో ఎక్కడా దివ్యబలి పూజ ఉండదు, ఆరాధన మాత్రమే. పెద్దది, మూడింటికి మొదలైతే ఎప్పటికి అవుతుందో చెప్పలేం. పండుగ రోజుల్లో పూజకు వెళ్లితీరాలన్న కట్టుబాటు గుడ్ ఫ్రైడేకి లేదు, కాబట్టి పిల్లలను మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా కూర్చోబెట్టాలని పట్టు పట్టకు. ఒకరు ముందు వెళ్లండి, ఇంకొకరు పిల్లలతో సిలువ ముద్దుపెట్టుకునే సమయానికి చేరుకోండి. గుడ్డ లేని బలిపీఠం, తలుపు తెరిచి ఖాళీగా ఉన్న మందసం, అదే దివ్యసత్ప్రసాదం ఉంచే పెట్టె, చూపించు. "లోపల ఎవరూ లేరేంటి?" అని పాప అడుగుతుంది. "ఆదివారం చెబుతాను" అను.

శనివారం రాత్రి జరిగే ఈస్టర్ పూజకు, అంటే పాస్కా జాగరణకు, చిన్నపిల్లలతో ఎలా వెళతాం అని చాలామంది మానేస్తారు. ఏడాది మొత్తంలో పిల్లల కోసమే పెట్టారా అనిపించే పూజ అదే. మధ్యాహ్నం ఇద్దరినీ రెండు గంటలు పడుకోబెట్టు. చీకటిలో చర్చి బయట మంట వేస్తారు. పాస్కా కొవ్వొత్తి మీద సిలువ గీసి, ఆ సంవత్సరం అంకెలు నాలుగూ చెక్కుతారు. ముందుకు తోసుకుంటూ వెళ్లి మీవాణ్ణి ఎత్తి చూపించు, 2026 చదవగలడు కదా. ఆ మంట ఒక కొవ్వొత్తి నుంచి ఇంకో కొవ్వొత్తికి, చివరికి మీ వరుస దాకా వస్తుంది. పాప కొవ్వొత్తికి పేపర్ కప్పు అడుగున చిల్లు పెట్టి తొడుగు, మైనం చేతి మీద పడకుండా. తరువాత పాత నిబంధన పఠనాలు ఏడు దాకా ఉంటాయి, అప్పుడు ఇద్దరూ నీ ఒళ్లో నిద్రపోతారు, పోనీ. మహిమ గీతం అందుకోగానే దీపాలన్నీ వెలిగి, రెండు రోజులుగా మూగబోయిన గంటలు ఒక్కసారి మోగుతాయి. అప్పుడు లేపు. కళ్లు నులుముకుంటూ ఆ వెలుగు చూసిన పిల్లలకు ఈస్టర్ అంటే ఏమిటని ఏ టీచరూ రెండోసారి అడగక్కర్లేదు.

ఏప్రిల్ 5 పొద్దున అటక మీది డబ్బా దించండి. ఆ కాగితం ఫ్రిజ్‌కు అంటించి పెంతెకోస్తు దాకా, మే 24 దాకా ఉంచండి. ఈస్టర్ కాలం యాభై రోజులు. మన ఇళ్లలో బాధను నలభై రోజులు పాటిస్తాం, సంతోషాన్ని మధ్యాహ్నం భోజనంతో ముగించేస్తాం. నాకు ఎప్పటినుంచో ఉన్న ఫిర్యాదు ఇది. కనీసం మొదటి ఎనిమిది రోజులు రోజుకొకటి చెయ్యండి. ఒకరోజు ఉల్లిపాయ తొక్కలు వేసి గుడ్లు ఉడకబెట్టు, ఇటుక రంగు వస్తాయి. ఒకప్పుడు తపస్సు కాలంలో గుడ్లు కూడా మానేవారు కాబట్టే ఈస్టర్‌కు గుడ్డు అంత గొప్పదైంది. ఒకరోజు పిల్లల జ్ఞానస్నానం ఫొటోలు బయటికి తీసి చూడండి. వీలైతే ఆ వారంలో ఊరెళ్లి, మామయ్య గారి సమాధి దగ్గర పిల్లల చేత కొవ్వొత్తి వెలిగించండి. తాతయ్య ఎక్కడున్నాడు అనే ప్రశ్న వాళ్లు నిన్ను అడగకపోయినా నాయనమ్మను అడిగే ఉంటారు.

బిర్యానీ గురించి బాధపడకు. అంతకాలం ఆగి తినే పండుగ భోజనం అని మీవాడు సగం జవాబు సరిగ్గానే చెప్పాడు. మానకు, వండు. మొదటి గిన్నె మాత్రం వాడి చేతికే ఇచ్చి వాచ్‌మన్ ఇంటికి పంపు. చికెన్ శనివారం సాయంత్రమే కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకో, జాగరణ నుంచి వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది, పొద్దున నీకు ఓపిక ఉండదు.